కాపడం పెడితే నొప్పి నిజంగా తగ్గుతుందా, తగ్గినట్టు అనిపిస్తుందా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మా అమ్మకు 58 ఏళ్ళు. ఏటా నాట్ల కాలంలో పొద్దంతా వంగి నాటు వేసి వచ్చేసరికి ఆమెకు నడుము పట్టేస్తుంది. రాత్రి దొడ్డుప్పును మూకుడులో వేయించి, పాత పంచె ముక్కలో మూట కట్టి, ముందుగా తన ముంజేతికి ఆనించి వేడి చూసుకుని, తరువాత నన్ను నడుము మీద అద్దమంటుంది. పావుగంట గడిచేసరికి బిగుసుకున్న నడుము నా చేతి కింద మెత్తబడటం స్పష్టంగా తెలుస్తుంది. అయితే పోయిన నెల తమ్ముడికి మడమ బెణికినప్పుడు డాక్టరు గారు వేడి వద్దని, మంచు పెట్టమని చెప్పారు. ఒక నొప్పికి మేలు చేసే వేడి మరొక నొప్పికి ఎందుకు పనికిరాదు? అసలు ఆ వేడి లోపల ఏమి చేస్తుంది?

జవాబు 1 (ఫిజియోథెరపిస్టు)

చాలామంది అనుకున్నట్టు మూటలోని వేడి కండరం లోతుల దాకా చేరి దానిని బాగుచేయదు. చర్మం చాలా త్వరగా వేడెక్కుతుంది కానీ, రెండు మూడు సెంటీమీటర్ల లోతులో ఉన్న కండరం ఇరవై నిమిషాల కాపడం తరువాత కూడా సుమారు ఒక డిగ్రీ మాత్రమే వేడెక్కుతుంది. మధ్యలో కొవ్వు మందంగా ఉంటే అంత కూడా చేరదు. అందువల్ల ఉపశమనంలో పెద్ద పాలు నరాలదే అని నేను భావిస్తాను. వెచ్చదనాన్ని పసిగట్టే నరాల కొసలు చర్మంలోనే ఉన్నాయి. మూటను అద్దినప్పుడు కలిగే స్పర్శ, ఒత్తిడి కూడా వెన్నుపాముకు చేరతాయి. ఇలాంటి స్పర్శ సంకేతాలు నొప్పి సంకేతాలకు వెన్నుపాము దగ్గరే అడ్డుపడగలవని మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు 1965లో ప్రతిపాదించారు. దెబ్బ తగిలిన చోట మనకు తెలియకుండానే చేత్తో రుద్దుకోవడం వెనుక ఉన్నదీ ఇదే. నొప్పి వల్ల కండరం బిగుసుకుంటుంది, ఆ బిగువు వల్ల నొప్పి మరింత పెరుగుతుంది. వెచ్చదనం ఈ చుట్టును ఒకచోట తెంపుతుంది. దీనికి తోడు రక్తనాళాలు వెడల్పై అక్కడికి రక్తం ఎక్కువగా చేరుతుంది.

బెణుకు విషయంలో చిక్కు ఇక్కడే వస్తుంది. కొత్త దెబ్బలో సన్నని రక్తనాళాలు చిట్లి వాపు పెరుగుతూ ఉంటుంది కాబట్టి, మొదటి రెండు రోజులు అక్కడికి రక్తాన్ని మరింత రప్పించడం మంచిది కాదు. మీ అమ్మగారిది వాపు లేని, శ్రమ వల్ల వచ్చిన పట్టు. కొత్తగా వచ్చిన నడుము నొప్పికి మందుల కంటే ముందు వేడి వంటి పద్ధతులను ప్రయత్నించవచ్చని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాలలో కూడా ఉంది. కాపడం పదిహేను, ఇరవై నిమిషాలు చాలు. అది తీసిన వెంటనే, నడుము వదులుగా ఉన్నప్పుడే, ఆమెను వెల్లకిలా పడుకోబెట్టి మోకాళ్ళను ఒక్కొక్కటిగా పొట్ట వైపు మెల్లగా లాక్కోమనండి. వేడి ఇచ్చే ఆ కాస్త వ్యవధిని కదలికకు వాడుకోకపోతే సగం ఫలితం వృథా అవుతుంది.

జవాబు 2

డాక్టరును కాకపోయినా ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. మా నాన్నగారికి చాలా ఏళ్ళుగా షుగరు ఉంది. ఒక చలి రాత్రి పాదాలు చల్లగా ఉన్నాయని వేడినీళ్ళ సంచిని కాళ్ళ కింద పెట్టుకుని నిద్రపోయారు. తెల్లవారి చూస్తే అరికాలి మీద రూపాయి బిళ్ళంత పొక్కు ఉంది. ఆయనకు మంట కాదు కదా, చురుక్కు కూడా అనలేదు. ఆ పుండు మానడానికి నెలన్నర పట్టింది. ఇంట్లో పెద్దవాళ్ళకు కాపడం పెట్టేవారందరూ దయచేసి ముందు స్పర్శ ఉందో లేదో చూడండి.

జవాబు 1 రాసినవారే

ఈ హెచ్చరిక నేను ముందే రాయవలసింది. మరిగిన నీళ్ళు పడితేనే చర్మం కాలుతుందని అనుకోకూడదు. 60 డిగ్రీల వేడి కొన్ని సెకన్లలోనే కాలుస్తుంది. 44 డిగ్రీల వేడి కూడా గంటల తరబడి ఒకేచోట ఆని ఉంటే కాలుస్తుంది. స్పర్శ బాగున్నవారు నిద్రలోనైనా కాలు వెనక్కి లాక్కుంటారు, లేనివారు లాక్కోలేరు. రోజూ ఒకేచోట గట్టిగా కాపడం పెడితే చర్మం మీద వలలాంటి గోధుమరంగు మచ్చలు కూడా వస్తాయి. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెడుతుంటే కాపడం పెట్టవద్దు, మర్దన చేయవద్దు. లోపల రక్తం గడ్డకట్టి ఉండవచ్చు కాబట్టి అదే రోజు డాక్టరుకు చూపించాలి. నడుము నొప్పితో పాటు కాళ్ళు మొద్దుబారినా, మూత్రం మీద అదుపు తప్పినా క్షణం ఆలస్యం చేయకూడదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. అమ్మకు కూడా మూడేళ్ళుగా షుగరు ఉంది. దానికీ కాపడానికీ సంబంధం ఉంటుందని నాకు తట్టలేదు. నిన్న రాత్రి ఆమెను కళ్ళు మూసుకోమని దూదిపింజతో తాకి చూశాను. నడుము మీద తాకిన ప్రతిసారీ వెంటనే చెప్పింది. ఎడమ బొటనవేలి దగ్గర మాత్రం మూడుసార్లు తాకినా, "ఇంకా మొదలుపెట్టలేదా?" అని అడిగింది. ఈ వారంలోనే ఆమెను ఆసుపత్రికి తీసుకువెళ్తున్నాను. నడుముకు కాపడం కొనసాగిస్తాను, పాదాల దగ్గరికి మాత్రం మూటను రానివ్వను.