జూ టైకూన్: టైరనోసారస్ కంచె దాటకుండా ఉండాలంటే ఏం చేయాలి?

ప్రశ్న: సొంతంగా జూ కట్టి నడిపే కంప్యూటర్ ఆట జూ టైకూన్‌కు 2002లో వచ్చిన డైనోసార్ డిగ్స్ అనే విస్తరణలో (ఆటకు జోడించే అదనపు భాగంలో) టైరనోసారస్ రెక్స్‌ను పెంచుతున్నాను. ఆవరణ విశాలంగానే ఉన్నా అది ఎప్పుడూ కోపంతో ఉండి, చివరకు కంచె విరగ్గొట్టుకుని సందర్శకుల మీద పడుతోంది. జూకీపర్ అటువైపు వెళ్లకపోవడానికి కారణమేమిటి?

జవాబు 1: ఈ ఆటలో డైనోసార్ల పని జూకీపర్‌ది కాదండీ. గుడ్లను చూసుకోవడం మొదలుకొని మేత వేయడం వరకు అన్నీ సైంటిస్టు బాధ్యతలే కనుక, ముందు ఒకరిని నియమించి ఆ ఆవరణకు కేటాయించండి. మీ జంతువు ఆకలితో ఉండి ఉంటుంది. ఇంత పెద్ద మాంసాహారికి విద్యుత్ కంచె తప్పనిసరి. కంచెలు కాలక్రమేణా పాడవుతాయి కాబట్టి మరమ్మతు చేసే పనివారు కూడా ఉండాలి. తప్పించుకున్న డైనోసార్‌కు మత్తుమందు ఇచ్చి పట్టుకునే రికవరీ టీమ్‌ను మాత్రం ముందే సిద్ధం చేసుకోండి, ప్రమాదం జరిగాక వెతుక్కుంటే ప్రయోజనం ఉండదు.

జవాబు 2: పై సలహాలన్నీ సరైనవే, కానీ అసలు కోపం నేల గురించి కావచ్చు. మట్టి, మొక్కలు, రాళ్లు దానికి నప్పాలి. ఒక్కొక్క చెట్టూ నాటుతూ జంతువును గమనించండి: ఆకుపచ్చ నవ్వుముఖం కనిపిస్తే ఉంచండి, ఎర్రముఖం వస్తే వెంటనే తీసేయండి. తోడు కోసమని స్టెగోసారస్‌ను అందులోకి వదలకండి, అది ఆహారమైపోతుంది. నిజానికి ఆ రెండింటి కాలాల మధ్య దాదాపు 8 కోట్ల సంవత్సరాల ఎడం ఉంది.