కీళ్ల ఎర సొంతంగా చేసుకునేటప్పుడు రెండు ముక్కలు చాలవా?

తొట్టిచేప:
చేపలు పట్టడానికి వాడే 15 సెంటీమీటర్ల చెక్క ఎరని, అంటే చేపలాంటి చెక్కబొమ్మని, నాలుగు ముక్కలుగా కోసి మూడు కీళ్లు పెట్టాను. స్నానాల తొట్టిలో లాగితే పాములా మెలికలు తిరుగుతూ వచ్చింది. తీరా చెరువులో గాలం దారం చుట్టే రీల్ కాస్త వేగంగా తిప్పగానే పక్కకి ఒరిగిపోయింది. రెండు ముక్కలతో చేసిన పాతది ఎప్పుడూ ఇలా చేయలేదు. ఇన్ని కీళ్లు అసలు అవసరమా?

ఒడ్డుమనిషి:
అక్కర్లేదండీ. ఒక్క కీలు ఉంటే రీల్ కొంచెం తిప్పి ఆపినప్పుడల్లా ఎర ఒకసారి కుడికి, ఇంకోసారి ఎడమకి జారుతుంది. నాకు చేపలు ఎక్కువగా ఆ ఆగినప్పుడే తగిలాయి. కీళ్లు పెంచితే ఈత బాగుంటుంది, ఆ జారుడు మాత్రం పోతుంది.

సీసంగుండు:
పాపం కీళ్లనెందుకు అంటారు? బరువు ఎక్కడ పెట్టారో చెప్పండి ముందు. సీసం పొట్ట అడుగున ఉంటేనే ఎర నిటారుగా నిలుస్తుంది. నాలుగు ముక్కలంటే నాలుగూ విడివిడిగా నిలవాలి. నేనైతే కీలు బిగించకముందే ఒక్కో ముక్కనీ నీళ్లలో వేసి చూస్తాను.

తొట్టిచేప:
ముందు రెండు ముక్కల పొట్టలోనే పెట్టాను. వెనక రెండూ ఖాళీ. గాలాలు కూడా తగిలించకుండానే తొట్టిలో చూశాను.

సీసంగుండు:
అదిగో! గాలాలు, రింగులు కూడా బరువే కదా. కింద వేలాడి నిలకడనిస్తాయి, ఊపుని కొంత మింగేస్తాయి. అవి లేకుండా చూసింది వేరే ఎర కిందే లెక్క. పైగా ఆ కాస్త పొడవు తొట్టిలో వేగం ఎక్కడ అందుకుంటుంది?

నీటిలెక్క:
తొట్టిలో వేడినీళ్లు పట్టారా? 40 డిగ్రీల నీరు 4 డిగ్రీల నీటికంటే దాదాపు 0.8 శాతం తేలిక. 100 గ్రాముల ఎర వేడినీళ్లలో మునగక తేలక మధ్యలో నిలిచిందనుకోండి, అంత చల్లటి నీళ్లలో అలాగే నిలవాలంటే ఇంకో 0.8 గ్రాము సీసం కావాలి. అదే మంచినీళ్ల నుంచి సముద్రానికి తీసుకెళ్తే సుమారు 2.5 గ్రాములు. అందుకే సీసం రంధ్రం మూసేముందు వేటాడబోయే నీళ్లలోనే చూడాలి. సీలర్ పూయని చెక్కతో మాత్రం వద్దు, నీళ్లు పీల్చి లెక్కంతా తప్పుతుంది.

ఒడ్డుమనిషి:
ఇంత తూకం చేపకి పట్టదు లెండి.

నీటిలెక్క:
చేపకి పట్టదు. ఆపినప్పుడు ఎర అక్కడే నిలవాలా, పైకి తేలిపోవాలా అన్నది మీకే పట్టాలి. ఆగినప్పుడే తగులుతాయన్నది మీరే!

తొట్టిచేప:
గాలాలు తగిలించి, మూడో ముక్క అడుగున చిన్న సీసం గుండు దిగ్గొట్టి మళ్లీ చెరువుకి వెళ్లొచ్చాను. ఒరగడం ఆగింది. తోక ఊపు మాత్రం సగానికి తగ్గింది. కీలు సందులో ఎపాక్సీ గడ్డకట్టి ఉంది, గీకి చూడాలి. ఇంతకీ ఇవాళ పడిన ఒక్క చేపా రెండు ముక్కల దానికే పడింది.

ఒడ్డుమనిషి:
నేనేం అనట్లేదు.