చదివినది పరీక్ష గదిలో గుర్తుకు రావడం లేదు: పెద్దల, తోటివారి అనుభవాలు కావాలి

వైనతేయ తీరం:

అందరికీ నమస్కారం. మాది పి.గన్నవరం దగ్గర ఒక లంక గ్రామం. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పదో తరగతి చదువుతున్నాను. ప్రీ ఫైనల్ పరీక్షకు ముందు సాంఘిక శాస్త్రంలో జాతీయోద్యమం పాఠాన్ని మూడుసార్లు చదివాను. చదువుతున్నంతసేపూ అంతా తెలిసినట్లే అనిపించింది. తీరా ప్రశ్నపత్రం చేతికి వచ్చాక, సహాయ నిరాకరణ ఉద్యమాన్ని గాంధీజీ ఎందుకు నిలిపివేశారన్న ప్రశ్నకు చౌరీచౌరా అన్న పేరు తప్ప మరేమీ రాయలేకపోయాను. గణితంలోనైతే వచ్చిన లెక్కలనే సమయం చాలక ఇరవై మార్కుల మేర వదిలేశాను. మా నాన్నగారు కొబ్బరి దింపు పనికి వెళ్తారు. ఇంట్లో చదువు చెప్పగలవారు లేరు. పబ్లిక్ పరీక్షలకు ఇంకా ముప్పై రోజులున్నాయి. మీలో ఎవరికైనా ఇదే ఇబ్బంది ఎదురై ఉంటే, దాన్ని ఎలా దాటారో వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

విశ్రాంత గణితోపాధ్యాయుడు, అమలాపురం:

అమ్మా, నీ ఇబ్బంది జ్ఞాపకశక్తిది కాదు, చదివే పద్ధతిది. పుస్తకం తెరిచి ఉన్నప్పుడు ప్రతి వాక్యమూ కంటికి పరిచయమైనదిగానే కనిపిస్తుంది. ఆ పరిచయాన్నే మనం 'వచ్చేసింది' అనుకుంటాం. పరీక్ష గదిలో పుస్తకం ఉండదు కనుక, పుస్తకం మూసి మనసులోంచి పైకి తీయడాన్నే ఇంటి దగ్గర సాధన చేయాలి. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులతో ఈ విషయాన్నే పరీక్షించి చూశారు. పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత పెట్టిన పరీక్షలో మాత్రం, చదివిన దాన్ని చూడకుండా గుర్తు తెచ్చుకొని రాసినవారే ముందున్నారు. నీ ప్రీ ఫైనల్‌లో జరిగింది ఇదే.

కనుక ఒక ప్రశ్నకు జవాబును ఒక్కసారి శ్రద్ధగా చదివి, పుస్తకం మూసి, తెల్లకాగితం మీద రాయి. ఎక్కడ ఆగిపోయావో అక్కడ గీత గీసి, ఇంకో రెండు నిమిషాలు పుస్తకం తెరవకుండా ఆలోచించు. అలా ఆలోచించడం కష్టంగా ఉంటుంది. అయినా తొందరపడి పుస్తకం తెరవకు, ఎందుకంటే పాఠం మనసులో పాతుకునేది ఆ రెండు నిమిషాల్లోనే. తర్వాత పుస్తకంతో సరిచూసి, తప్పిన భాగాన్ని ఎర్ర సిరాతో దిద్దుకో. మర్నాడు ఒకసారి, మూడు రోజుల తర్వాత ఒకసారి, వారం తర్వాత ఒకసారి అదే ప్రశ్నను మళ్లీ చూడకుండా రాయి. √2 కరణీయ సంఖ్య, అంటే రెండు పూర్ణాంకాల భిన్నంగా రాయలేనిది, అని నిరూపించే లెక్కను తీసుకో. దానిని అకరణీయ సంఖ్య అనుకొని a/b రూపంలో రాయడం వరకు అందరూ వస్తారు. a, b పరస్పర ప్రధానాంకాలని, అంటే 1 తప్ప వేరే ఉమ్మడి కారణాంకం లేనివని, అక్కడే చెప్పకపోతే చివర వైరుధ్యం ఎక్కడి నుంచి వచ్చిందో రాసేవారికే తెలియదు. పదిసార్లు చదివినా కంటపడని ఆ లోపం, పుస్తకం మూసి ఒక్కసారి రాస్తే తెలిసిపోతుంది.

ఇక సమయం సంగతి. ఉదయం 9.30 నుంచి 12.45 వరకు ఉన్న వ్యవధిలో మొదటి పదిహేను నిమిషాలు ప్రశ్నపత్రం చదువుకోవడానికి ఇచ్చినవి. మిగిలిన మూడు గంటల్లో గణితం 33 ప్రశ్నలు రాయాలి: ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. ఎనిమిది మార్కుల ప్రశ్నకు 14 నిమిషాలు, నాలుగు మార్కుల దానికి 7, రెండు మార్కుల దానికి 3, ఒక మార్కుదానికి 1 చొప్పున పెట్టుకుంటే మొత్తం 162 నిమిషాలవుతుంది. సరిచూసుకోవడానికి 18 నిమిషాలు మిగులుతాయి. పద్నాలుగు నిమిషాలు దాటినా తేలని లెక్క కింద కొంత ఖాళీ వదిలి ముందుకు వెళ్లాలి. నా విద్యార్థుల్లో చాలామంది మార్కులు పోగొట్టుకున్నది రాని లెక్కల వల్ల కాదు, ఒకే లెక్కను పట్టుకొని అరగంట కూర్చోవడం వల్ల. ఆదివారం ఉదయం సరిగ్గా 9.30కు గడియారం ఎదురుగా పెట్టుకొని, మధ్యలో లేవకుండా ఒక మోడల్ పేపరు పూర్తిగా రాయి.

లంకవాసి:

మాస్టారు గారు చెప్పినదానికి నా జీవితమే సాక్ష్యం. మాది ఐ.పోలవరం మండలం. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపానులో మా ఇంటి పైకప్పు ఎగిరిపోయింది, కొబ్బరి తోట నేలకొరిగింది, నా పదో తరగతి పుస్తకాలన్నీ తడిసి ముద్దయ్యాయి. వారాల తరబడి కరెంటు లేదు. అప్పట్లో పదో తరగతికి 600 మార్కులకు పదకొండు పేపర్లుండేవి. మా వీధిలో మిగిలిన ఒకే ఒక్క పుస్తకాల కట్టను నలుగురం పంచుకున్నాం. కిరసనాయిలు బుడ్డి చుట్టూ కూర్చున్నప్పుడు పుస్తకం ఒక్కరి చేతిలోనే ఉండేది. అతను ప్రశ్న అడిగేవాడు, మిగిలిన ముగ్గురం వంతులవారీగా జవాబు చెప్పేవాళ్లం, తప్పితే అతను సరిదిద్దేవాడు. పుస్తకాలు లేకపోవడాన్ని మేము అప్పుడు పెద్ద దురదృష్టంగానే భావించాం, అది నిజంగా దురదృష్టమే. అయితే చూడకుండా చెప్పక తప్పని ఆ పద్ధతి వల్లనే 1997 మార్చిలో నలుగురమూ ఉత్తీర్ణులమయ్యామని ఈ రోజు మాస్టారి మాటలు చదివాక అర్థమవుతోంది. తల్లీ, మీ ఊళ్లో నీతో చదివే అమ్మాయిలు ఇద్దరున్నా చాలు, రోజూ సాయంత్రం ఒక గంట ఇలా కూర్చోండి.

పాలకొల్లు గృహిణి:

మా పెద్దబ్బాయి రెండేళ్ల క్రితం పదో తరగతి రాశాడు. గణితం పరీక్ష ముందు రాత్రి రెండింటి వరకు చదివి, ఉదయం తలనొప్పితో వెళ్లి, కూడికల్లో తప్పులు చేసి వచ్చాడు. ఈసారి చిన్నవాడిని రాత్రి పదింటికల్లా పడుకోబెడుతున్నాను. పరీక్ష రోజున కొత్త వంటలేవీ పెట్టకుండా రోజూ తినే పెరుగన్నమే పెట్టాలని కూడా నిశ్చయించుకున్నాను.

భీమవరం ఇంటర్ విద్యార్థిని:

చెల్లీ, పుస్తకం మూసి రాసే పద్ధతి పదో తరగతికి సరిపోతుంది. ఇంటర్ తర్వాత ఇంజినీరింగ్ తదితర కోర్సుల ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌కు వచ్చేసరికి మరొకటి కూడా కావాలి. అక్కడ మూడు గంటల్లో 160 ప్రశ్నలు ఉంటాయి, అంటే ఒక్కోదానికి నిమిషం పైన కొన్ని సెకన్లు మాత్రమే. తప్పు జవాబుకు మార్కు తగ్గించరు కనుక ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకూడదు. నేను ఒక నోటు పుస్తకంలో తప్పు చేసిన ప్రశ్నలను మాత్రమే రాసుకుంటాను. ప్రతి దాని పక్కన, సూత్రం తెలియక తప్పిందా, గుర్తు పొరపాటా, ప్రశ్న సరిగా చదవకపోవడమా అని ఒక మాట రాస్తాను. నెల తర్వాత చూస్తే నా తప్పుల్లో సగానికి పైగా ప్రశ్న సరిగా చదవకపోవడం వల్ల జరిగినవే. అది తెలియకముందు నాకు భౌతిక శాస్త్రం రాదని బాధపడేదాన్ని.

ఒక్క విషయంలో మాత్రం పెద్దలతో విభేదిస్తున్నాను. తెల్లవారుజామున నాలుగింటికి లేచి చదివితేనే వస్తుందని మా ఇంట్లో అందరూ అంటారు. నాకు ఆ వేళ ఒక్క ముక్క ఎక్కదు.

విశ్రాంత గణితోపాధ్యాయుడు, అమలాపురం:

నాలుగింటికే లేవాలన్న నియమం ఏదీ లేదమ్మా. కాకపోతే పరీక్ష జరిగేది ఉదయం కనుక, చివరి రెండు వారాలైనా ఆ వేళకు బుర్ర చురుగ్గా ఉండేలా నిద్రవేళలను సర్దుకోవడం అవసరం.

సఖినేటిపల్లి రేవు:

చదువు గురించి అందరూ రాశారు, నేను ప్రయాణం గురించి చెబుతాను. నేను ఇంటర్ చదివేటప్పుడు మా పరీక్షా కేంద్రం గోదావరి పాయ వశిష్ఠకు ఆవల నరసాపురంలో పడింది. మొదటి పరీక్ష రోజున మంచు దట్టంగా పట్టి, ఏరు దాటించే పంటు కదలలేదు. రేవులో నిలబడి ఏటివైపు చూస్తూ, ఏడాదంతా చదివిన చదువు నీటిపాలైందని ఏడ్చాను. చివరకు పంటు కదిలింది, పరుగున వెళ్లి కూర్చున్నాను. కానీ మొదటి గంటంతా చేతులు వణుకుతూనే ఉన్నాయి. ఆ తర్వాత ప్రతి పరీక్షకూ గంటన్నర ముందే ఏరు దాటాను. లంకలో ఉండేవారు మీరు కూడా ముందు రోజే కేంద్రానికి వెళ్లి గది ఎక్కడుందో చూసి రండి. ఇటీవలి సంవత్సరాల్లో పదో తరగతి వారికి హాల్ టికెట్ చూపిస్తే పల్లెవెలుగు బస్సుల్లో ఉచిత ప్రయాణం కల్పిస్తున్నారు. డిపోలో అడిగి నిర్ధారించుకోండి.

ఇంకో మాట. చౌరీచౌరా ఘటన 1922 ఫిబ్రవరిలో జరిగింది. అదే ఏడాది ఆగస్టులో విశాఖ మన్యంలో అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి చేశారు. అక్కడ పోలీస్ స్టేషన్‌ను తగలబెట్టారు, ఇక్కడ తుపాకులు తీసుకువెళ్లారు. హింస జరిగిందని గాంధీజీ ఉద్యమాన్ని ఆపిన ఏడాదే మన కొండల్లో సాయుధ పోరాటం మొదలైంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుంటే సంవత్సరమూ కారణమూ రెండూ మరచిపోలేము.

మూల్యాంకనం చేసిన ఉపాధ్యాయిని, రామచంద్రపురం:

గణితంలో మార్కులు సోపానాల వారీగా పడతాయి. చివరి జవాబు తప్పినా సూత్రమూ ప్రతిక్షేపణా సరిగా ఉంటే వాటి మార్కులు వాటికి వస్తాయి కనుక, సగం వచ్చిన లెక్కను కొట్టివేయకండి. ప్రశ్న సంఖ్యను ప్రశ్నపత్రంలో ఉన్నట్లే మార్జిన్‌లో స్పష్టంగా వేయండి. సంఖ్య తప్పుగా వేసిన మంచి జవాబు ఎదురైనప్పుడు, అది దేనికి రాసిందో వెతకడానికి మాకు ఎంత ఆరాటంగా ఉంటుందో రాసే పిల్లలకు తెలియదు.

వైనతేయ తీరం:

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. నిన్న రాత్రి పుస్తకం మూసి √2 లెక్క రాశాను. మాస్టారు చెప్పిన చోటే ఆగిపోయాను. రెండు నిమిషాలు ఆలోచించాక a, b రెండూ సరిసంఖ్యలవుతాయన్నది గుర్తుకు వచ్చింది. అది ఎందుకు వైరుధ్యమో మాత్రం పుస్తకం తెరిచాకే తెలిసింది. ఈ ఉదయం మళ్లీ రాస్తే చివరి వరకు వచ్చింది. మా వీధిలోని ఇద్దరు స్నేహితురాళ్లు సాయంత్రం ఆరింటికి మా అరుగు మీదకు వస్తామన్నారు. ఆదివారం 9.30కు గణితం మోడల్ పేపరు రాసి, ఏ ప్రశ్నకు ఎన్ని నిమిషాలు పట్టిందో ఇక్కడే రాస్తాను. మాస్టారు గారు చూసి చెప్పగలరు.