ఏటిగట్టు మీద నడిచిన కాళ్లతో కేదార్‌కంఠ ఎక్కగలమా?

కౌశికగట్టు (అమలాపురం):
కనుమ నాడు కాకైనా కదలదంటారు కాబట్టి మర్నాడు బయల్దేరి, నలుగురు స్నేహితులం ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠ శిఖరం ఎక్కుదామనుకుంటున్నామండి. మాలో ఎవరం మంచు చూడలేదు. మాకు ఎత్తంటే ఏటిగట్టే. రోజూ పొద్దున్నే దాని మీద ఐదు కిలోమీటర్లు నడుస్తున్నాం. సరిపోతుందా? అమ్మ రెండు రగ్గులు సర్దేసింది. బట్టలు, తిండి ఏం తీసుకెళ్లాలో వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

వశిష్ఠతీరం (నరసాపురం):
కిందటేడు జనవరిలో ఐదుగురం వెళ్లామండి. డెహ్రాడూన్ నుంచి సాంక్రీకి జీపులో రోజంతా పట్టింది. అక్కణ్ణుంచే నడక. దేవదారు చెట్ల మధ్య జూడా కా తాలాబ్ అనే చిన్న చెరువు, గడ్డకట్టి తెల్లగా ఉంది. మా ఊరి చెరువు గుర్తొచ్చి చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

రగ్గులు ఇంట్లో దింపేయండి. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు 6.5 డిగ్రీలు వేడి తగ్గుతుంది. శిఖరం 3,810 మీటర్లు. అంటే మన దగ్గరికంటే 25 డిగ్రీలు అక్కడే పోయాయి, ఆ పైన గాలి. ఒంటికి ఆనుకుని నూలు బనీను వద్దు. చెమటకి తడిస్తే ఆరదు, ఒంట్లో వేడంతా లాగేస్తుంది. లోపల ఉన్నిదో సింథటిక్‌దో, దాని మీద ఫ్లీసు (మెత్తటి నూగు ఉన్న వెచ్చటి చొక్కా), పైన గాలి దూరని జాకెట్టు. ఎక్కేటప్పుడు ఒకటి విప్పండి, ఆగగానే తొడుక్కోండి. నీళ్ల సీసా బోర్లించి పెట్టుకోండి. మంచు పైనుంచి కడుతుంది కాబట్టి మూత దగ్గర నీళ్లు నీళ్లలాగే ఉంటాయి. నల్ల కళ్లద్దాలు మర్చిపోవద్దు, ఎండ మంచు మీద పడి కళ్లు మండిపోతాయి.

నడక మీకు తెలిసిందే. నాట్లప్పుడు బురదగట్టు మీద బొటనవేలు గుచ్చి ఎలా ఎక్కుతామో, మెత్తటి మంచులోనూ బూటు ముందుభాగం అలా గుచ్చాలి. దిగేటప్పుడు మోకాలు కాస్త వంచి మడమ గుచ్చాలి. కానీ తెల్లవారుజామున మంచు గాజులా బిగిసి ఉంటుంది. అప్పుడు ఈ విద్య పనికిరాదు, బూటు కింద ఇనుప పళ్ల మైక్రోస్పైక్స్ తొడగాల్సిందే.

తిండిలో మేం మోసుకెళ్లిన సున్నుండలు రాయైపోయాయి. మోరి జీడిపప్పు, బెల్లం ముక్కలే ఆదుకున్నాయి.

అసలు చెప్పాల్సింది ఇదండి. శిఖరం దగ్గర గాలిలో ఆక్సిజన్ మనకి దొరికేదాంట్లో మూడింట రెండు వంతులకి కాస్త తక్కువ. బేస్ క్యాంపులో మావాడొకడు రాత్రి అన్నం ముట్టలేదు. తలనొప్పి సాయంత్రం నుంచే ఉందట, మా ప్రయాణం పాడవుతుందని దాచాడు. మూడింటికి అందరూ బయల్దేరుతుంటే గుడారం బయట వాంతి చేసుకున్నాడు. మిగతా ముగ్గురినీ గైడుతో పంపి, నేను వాడితో, ఇంకో సహాయకుడితో కిందికి దిగిపోయాను. చెరువు దగ్గరికి వచ్చేసరికి టీ అడిగాడు. ఆ మాట వినగానే నాకు ఏడుపొచ్చింది. ఎదురుగా ఉండే స్వర్గారోహిణి శిఖరం మీద సూర్యోదయం నేను ఫొటోల్లోనే చూశాను, దానికి నాకు బాధ లేదు. తలనొప్పి, వికారం ఉంటే పైకి అడుగు వేయకూడదు. తగ్గకపోతే దిగాలి. తూలుతుంటే ఆ క్షణమే దిగాలి, అర్ధరాత్రైనా సరే. ఎవరికైనా బాగోకపోతే తోడు ఎవరు దిగుతారో ఇంటి దగ్గరే మాట్లాడుకోండి. అక్కడ మాట్లాడుకుంటే మొహమాటాలు అడ్డొస్తాయి.

గౌతమిపాయ (రాజమండ్రి):
పై అన్నయ్యగారు చెప్పినదానికి ఒక్కటి కలుపుతానండి. గట్టు నడక ఊపిరికి మంచిదే కానీ తొడలకి చాలదు. నేను ఆదివారాలు కోరుకొండ నరసింహస్వామి మెట్లు వీపున ఎనిమిది కిలోల సంచితో ఎక్కి దిగేదాన్ని. దిగడమే నాకు పనికొచ్చింది, మంచు వాలులో మోకాళ్లు పట్టేయలేదు. బూట్లు కొత్తవైతే ఇప్పటినుంచే తొడుక్కుని నడవండి. ఇంకోటి, చలికి మద్యం పుచ్చుకుంటే వెచ్చగా ఉంటుందని ఎవరన్నా నమ్మకండి. చర్మం వెచ్చబడినట్టుంటుంది, లోపలి వేడి బయటికి పోతుంది.

కౌశికగట్టు:
ఇద్దరికీ చాలా థాంక్సండి. రగ్గులు తీసేయించాను, అమ్మ బెల్లం దంచుతోంది. రాత్రి నలుగురం కూర్చున్నాం. ఒకడికి చిన్నప్పటినుంచీ ఆయాసం ఉందని ఇప్పుడు చెప్పాడు, రేపు డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్తున్నాను. వాడికి తోడు దిగేది నేనే. వశిష్ఠతీరం గారూ, మైక్రోస్పైక్స్ సాంక్రీలో అద్దెకి దొరుకుతాయా, ఇక్కణ్ణుంచే కొనుక్కెళ్లాలా?

వశిష్ఠతీరం:
మాకు అద్దెకే దొరికాయండి. గొలుసు తెగలేదని, రబ్బరు చీలలేదని చూసి తీసుకోండి. సాంక్రీలోనే ఒకసారి బూటుకి తొడిగి చూడండి.