పూల్ మోటారు అరుస్తోంది: బేరింగులు మార్చాలా, కొత్త మోటారే వేయాలా?

కొండాపూర్ సి-బ్లాక్: మా అపార్ట్‌మెంట్ స్విమ్మింగ్ పూల్ మోటారు కీచుమని ఒకటే అరుపు, ఫస్ట్ ఫ్లోర్ వాళ్లకి నిద్ర లేదు. ఒకటిన్నర హెచ్‌పీ, సింగిల్ ఫేజ్. మెయింటెనెన్స్ వాళ్లు విప్పి చూడకుండానే కొత్తది వేయాల్సిందే అంటున్నారు. అసోసియేషన్‌లో రోజూ గొడవే. మీరేమంటారు?

పాతమోటారు: విప్పకుండా ఎలా తేల్చారండీ? గలగలా గులకరాళ్లు దొర్లుతున్నట్టుంటే తప్పు మోటారుది కాదు, పంపుకి నీళ్లు సరిగ్గా అందడం లేదు. చెత్త ఆపే స్ట్రైనర్ బుట్ట నిండిందేమో, పూల్‌లో నీళ్లు స్కిమ్మర్ (పూల్ గోడకి పైన నీళ్లు లాగే నోరు) కిందికి దిగాయేమో చూడండి. తిరక్కుండా మూలుగుతుంటే కెపాసిటర్, లేదా ఇంపెల్లర్‌లో (పంపు లోపల నీళ్లు తోసే చక్రం) ఏదో ఇరుక్కుంది. మీరు చెప్పే కీచు మాత్రం బేరింగే అయ్యుంటుంది. బ్రేకర్ ఆపేసి, వెనక ఫ్యాన్ కవర్ తీయించి షాఫ్ట్ చేత్తో తిప్పించండి, గరుగ్గా తగిలితే ఇక అనుమానం లేదు. కెపాసిటర్ మీద చెయ్యి పెట్టొద్దు, కరెంటు తీసేశాక కూడా కొడుతుంది.

సెక్రటరీ_మాజీ: ఈ రిపేర్లన్నీ మేమూ చేయించాం సార్. బేరింగులు మార్చిన కొన్నాళ్లకే మళ్లీ అదే అరుపు. దాని బదులు వేరియబుల్ స్పీడ్ పంపు, అంటే స్పీడ్ తగ్గించుకోగలిగేది, పెట్టుకోండి. స్పీడ్ సగానికి తగ్గిస్తే పవర్ సుమారు ఎనిమిదో వంతుకి పడిపోతుంది, అన్నే నీళ్లు తిరగాలంటే రెట్టింపు గంటలు నడపాలి, అయినా యూనిట్లు నాలుగో వంతే.

పాతమోటారు: లెక్క కరెక్టే, కాకపోతే అది పంపు కొనేటప్పుడు వేసుకోవాల్సిన లెక్క, ఉన్న మోటారుని పారేయడానికి కారణం కాదు. మీకు మళ్లీ అరుపు వచ్చిందంటే మెకానికల్ సీల్ (పంపు నీళ్లు షాఫ్ట్ వెంట మోటారు వైపు రాకుండా ఆపేది) పాతదే ఉంచేసుంటారు. సీల్ కారితే నీళ్లు షాఫ్ట్ మీదుగా వచ్చి పంపు వైపు బేరింగ్‌లో గ్రీజంతా కడిగేస్తాయి, కొత్త బేరింగ్ వేసినా అంతే. బేరింగులు రెండూ, సీలూ ఒకేసారి మార్చాలి. సీల్ రాపిడి ముఖానికి వేలి జిడ్డు కూడా తగలకూడదు. ఇంకోటి, పంప్ రూమ్‌లో యాసిడ్ క్యాన్లు, క్లోరిన్ డబ్బాలు మోటారు పక్కనే పెడతారు చూడండి, ఆ ఆవిరికి ఇనుమన్నది బతకదు.

కొండాపూర్ సి-బ్లాక్: ఇప్పుడే దిగి చూశా. మోటారుకీ పంపుకీ మధ్య కింద తెల్లటి ఉప్పు చారలున్నాయి. యాసిడ్ క్యాన్ కూడా పక్కనే ఉంది 😀

పాతమోటారు: ఆ చారలు సీల్ కారిన గుర్తే. రివైండింగ్ షాపుకి పంపండి, పాత బేరింగ్ మీద నంబర్ ఉంటుంది, అదే నంబర్‌లో మంచి కంపెనీది వేయమనండి. మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టి వైండింగ్ (మోటారు లోపలి తీగ చుట్టలు) కూడా చూడమనండి. అది వీక్ అని తేలితే సెక్రటరీ గారి మాటే వినండి.

సెక్రటరీ_మాజీ: చివరికి నా దగ్గరికే వచ్చారు!