చర్చ: తమ్ముడి మీద డీవీసీ వేశారు, మళ్లీ దుబాయ్ వెళ్లనిస్తారా?

సోంపేట_అన్న: తమ్ముడు గల్ఫ్‌లో వెల్డరు, సెలవు మీద వచ్చాడు. మరదలు పుట్టింటికెళ్లిపోయింది. మొన్న కోర్టు నోటీసొచ్చింది, డీవీసీ అని ఉంది. అమ్మ పేరు, నా పేరూ రాశారు. ఊళ్లో అందరూ లోపలేసేస్తారంటున్నారు. వచ్చే వారం టికెట్. ఏటి చెయ్యాలి?

టెక్కలి_ప్లీడరు: కంగారుపడకండి, ముందు కాగితం చదవండి. డీవీసీ అంటే 2005 గృహ హింస చట్టం 12వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు దగ్గర వేసే పిటిషన్. రక్షణ, ఇంట్లో ఉండే హక్కు, నెలనెలా ఖర్చులు, పరిహారం అడుగుతారు. పిటిషన్ వేసినంత మాత్రాన అరెస్టు ఉండదు. రక్షణ ఉత్తర్వు వచ్చాక దాన్ని మీరితేనే 31వ సెక్షన్: ఏడాది వరకు జైలు, 20,000 వరకు జరిమానా, లేదా రెండూ.

పోలీసు కేసు వేరు. భార్యని భర్త, అత్తింటివాళ్లు హింసిస్తే పెట్టేది. పాత ఐపీసీలో 498ఏ, 2024 జూలై 1 నుంచి కొత్త శిక్షాస్మృతి బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత)లో 85వ సెక్షన్. మూడేళ్ల వరకు శిక్ష, నాన్‌బెయిలబుల్. అయినా 2014లో సుప్రీంకోర్టు అర్నేష్ కుమార్ తీర్పు ఇచ్చాక, ఫిర్యాదు రాగానే పట్టుకుపోవడం కుదరదు. నోటీసిచ్చి పిలవాలి, పిలిచినప్పుడల్లా వెళ్తుంటే అరెస్టు చెయ్యడానికి కారణం రాసి చూపాలి. మన ఊళ్లలో ఈ రెండు కేసుల్నీ ఒకే మూటగట్టి భయపెడతారు, పెద్దమనుషులకి అదే పెట్టుబడి.

విజయనగరం_ఉద్యోగి: ప్రభుత్వోద్యోగులకి ఆ పోలీసు కేసే ప్రాణగండం. 48 గంటలు దాటి కస్టడీలో ఉంటే సస్పెండైనట్టే లెక్క. మా బావ కేసు తేలేదాకా ప్రమోషన్ ఊసే లేదు.

బొబ్బిలి_ఆడపడుచు: లోపలేస్తారా, విమానం ఎక్కనిస్తారా అనే అడుగుతున్నారు. ఆ పిల్ల ఎందుకెళ్లిపోయిందో ఒక్కరూ అడగలేదు. నేను డీవీసీ వేసినదాన్నే. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే, బాధిత ఆడవాళ్లకి సాయం చేసే సఖి కేంద్రానికి పంపారు, ఈ చట్టం కింద ఉండే ప్రొటెక్షన్ ఆఫీసర్ రిపోర్టు రాశారు. న్యాయ సేవాధికార సంస్థ లాయర్ని ఉచితంగా ఇచ్చింది, ఆడవాళ్లకి ఆదాయం చూడరు. 60 రోజుల్లో తేల్చే ప్రయత్నం చెయ్యాలని చట్టంలో ఉంది. నాకైతే వాయిదాలు తిరుగుతుండగానే చంకలో పిల్లాడు బడికెళ్లేవాడయ్యాడు.

సోంపేట_అన్న: అక్కా, దాచను. తాగినప్పుడు చెయ్యి చేసుకునేవాడని మా అమ్మే చెప్తోంది.

టెక్కలి_ప్లీడరు: అయితే నోటీసు పక్కన పడేసి ఎగిరిపోవడం అన్నిటికన్నా చెడ్డ దారి. రాకపోతే ఎక్స్‌పార్టీగా, అంటే మీ వాదన వినకుండానే, ఖర్చుల ఉత్తర్వు వస్తుంది, కట్టకపోతే బకాయి పేరుకుని వారంటు దాకా పోతుంది. లాయరుకి వకాలత్ ఇచ్చి జవాబు వేయించండి. డీవీసీ ఉన్నంత మాత్రాన ప్రయాణం ఆగదు. 85 కింద క్రిమినల్ కేసు కోర్టుకెక్కితే మాత్రం పాస్‌పోర్టు రెన్యువల్‌కి ఆ కోర్టు అనుమతి తెచ్చుకోవాలి.

అమ్మ సంగతి: ఆడవాళ్ల మీదా డీవీసీ వెయ్యొచ్చు, 2016లో సుప్రీంకోర్టు తీర్పు కూడా అదే చెప్పింది. ఎవరేం చేశారో చెప్పకుండా ఇంటిల్లిపాదినీ ఇరికిస్తే కొట్టెయ్యమని హైకోర్టుకెళ్లొచ్చు. ఇక రాజీ కుదిరితే పెద్దల కాగితంతో కేసు మూతపడదు, కోర్టులోనే రాయించాలి.

బొబ్బిలి_ఆడపడుచు: రాజీ మాట మరదలి నోటి నుంచి రావాలి, పుట్టింటివాళ్లని కూర్చోబెట్టి నొక్కించకండి.

సోంపేట_అన్న: సరే అక్కా. టికెట్ వెనక్కి జరిపించాం. ముగ్గురికీ ఒక్క లాయరు చాలా?

టెక్కలి_ప్లీడరు: ప్రస్తుతానికి చాలు. తాగుడు సంగతి మాత్రం ఆయన దగ్గర దాచకండి.