మధ్యవర్తి, తీర్పరి: వ్యాపార ఒప్పందాల్లో ఏ మాట వాడదాం?

అందరికీ నమస్కారం. వ్యాపార ఒప్పందాలను తెలుగు చేస్తుంటాను. తగాదా వస్తే ఏం చేయాలో చెప్పే షరతు దగ్గరే ప్రతిసారీ చిక్కు. మీడియేషన్‌నూ ఆర్బిట్రేషన్‌నూ కూడా చాలామంది మధ్యవర్తిత్వం అనే రాస్తున్నారు. ఒప్పందాల్లోనేమో ఈ రెండూ తరచూ ఒకదాని వెనక ఒకటి వస్తాయి. అప్పుడు వాక్యం ఇలా తేలుతుంది: "ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లాలి, అది ఫలించకపోతే మధ్యవర్తిత్వానికి వెళ్లాలి."

సంతకం పెట్టేవాళ్లకు ఇది అన్యాయం. మీడియేషన్‌లో కూర్చునే మనిషికి తీర్పు చెప్పే అధికారం లేదు. ఇరుపక్షాలూ ఒప్పుకుంటేనే రాజీ, లేదంటే లేచి వెళ్లిపోవచ్చు. ఆర్బిట్రేషన్‌లో ఆ వీలుండదు. నోటీసు అందాక ఒక పక్షం రాకపోయినా విచారణ సాగుతుంది, వచ్చిన నిర్ణయానికి కట్టుబడాల్సిందే. 1958 నాటి న్యూయార్క్ ఒడంబడికలో 170కి పైగా దేశాలున్నాయి కాబట్టి, ఆ నిర్ణయాన్ని పట్టుకుని అవతలివాళ్ల ఆస్తులున్న దేశంలో కోర్టుకు వెళ్లొచ్చు. అక్కడి కోర్టు కేసును మళ్లీ మొదటి నుంచి తవ్వదు. నోటీసు సరిగా అందలేదనో, అసలు ఆర్బిట్రేషన్‌కు వెళ్లాలన్న ఒప్పందమే చెల్లదనో, ఇలాంటి కొద్ది కారణాలుంటే తప్ప అమలు చేయిస్తుంది. మీడియేషన్‌లో కుదిరిన అంతర్జాతీయ రాజీలకు ఇలాంటి దారి చూపిన సింగపూర్ ఒడంబడిక 2020లో గానీ అమల్లోకి రాలేదు, అందులో చేరిన దేశాలూ ఇంకా తక్కువే.

అందుకే మీడియేటర్‌ను మధ్యవర్తి అని, ఆర్బిట్రేటర్‌ను తీర్పరి అని అందామంటాను. ఏమంటారు?

స్పందన: మీడియేటర్‌కు రాయబారి బాగుంటుందేమో చూడండి.

జవాబు: రాయబారి ఒక పక్షం పంపితే వచ్చేవాడండీ. కృష్ణుడు వెళ్లింది పాండవుల తరఫునే కదా. మీడియేటర్ ఎవరి తరఫు మనిషీ కాకూడదు.

స్పందన: తీర్పరి అంటే కోర్టు జడ్జి అనుకోరా? పైగా పాత కాగితాల్లో ఆర్బిట్రేటర్‌నే మధ్యవర్తి అని రాసినవి ఉన్నాయి. నా మాట వింటే ఆర్బిట్రేషన్ అనే ఉంచేయండి, ఎవరికీ టెన్షన్ ఉండదు.

జవాబు: మీ భయం సరైనదేనండీ. నిర్వచనాల భాగంలో "తీర్పరి అంటే ఈ ఒప్పందం కింద పక్షాలు నియమించుకున్న ఆర్బిట్రేటర్" అని ఒక్క వాక్యం పెడితే సరిపోతుంది. షరతు ఇలా మార్చాను: "ముందు మధ్యవర్తి సాయంతో రాజీకి ప్రయత్నించాలి. 30 రోజుల్లో కుదరకపోతే వివాదాన్ని తీర్పరికి అప్పగించాలి. తీర్పరి నిర్ణయానికి ఇరుపక్షాలూ కట్టుబడాలి." ఇక్కడ "అప్పగించవచ్చు" అని మాత్రం రాయొద్దు. అది తప్పనిసరా కాదా అన్నదాని మీదే మరో తగాదా మొదలవుతుంది.

ఇంకో మాటకు సాయం కావాలి. ఆర్బిట్రేషన్ "సీట్"ను వేదిక అంటున్నారు. విచారణ ఏ ఊళ్లోనైనా జరపొచ్చు. సీట్ అంటే మాత్రం ఏ దేశపు చట్టం, ఏ కోర్టుల పర్యవేక్షణ దానికి వర్తిస్తాయో చెప్పే చోటు. వేదిక అనగానే సమావేశం జరిగే హాలు గుర్తొస్తోంది. "న్యాయస్థానం" అందామంటే అది కోర్టుకు స్థిరపడిపోయింది. ఎవరికైనా మంచి మాట తడితే చెప్పండి.